మాట్లాడుకోవడం బడిలో నేర్పండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,



ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతి గట్టెక్కేసరికి పదేళ్లు మీ శాఖ చేతిలో ఉంటాడు. ఇంటర్ కలుపుకుంటే పన్నెండేళ్లు. ఆ కాలంలో త్రికోణమితి నేర్చుకుంటాడు, ఆవర్తన పట్టిక బట్టీ పడతాడు, సంధులూ సమాసాలూ విడదీస్తాడు. అవన్నీ కావలసినవే. కోపం వచ్చినప్పుడు ఎదుటి మనిషితో ఎలా మాట్లాడాలి, ముఖం తిప్పుకున్నవాళ్లను ఎలా పలకరించాలి, తప్పు చేస్తే ఎలా ఒప్పుకోవాలి, ఎవరైనా బెదిరిస్తే ఎవరికి చెప్పాలి అన్నవి మాత్రం అతనికి ఏ పీరియడ్‌లోనూ ఎదురుకావు. అవి ఇంట్లో వాటంతటవే అబ్బుతాయని అందరి నమ్మకం. ఇంట్లో నిజంగా అబ్బేదేమిటో ఒకసారి చూడాలి.

చాలా ఇళ్లలో కోపానికి అలవాటైన దారులు రెండే. ఒకటి మౌనం. "మీ నాన్నను అన్నానికి రమ్మను" అంటుంది తల్లి. "ఆకలి లేదని చెప్పు" అంటాడు తండ్రి. వంటింటికీ ముందుగదికీ మధ్య నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగుల్లో ఎనిమిదేళ్ల పిల్ల అటూ ఇటూ తిరుగుతూ మాటలు మోస్తుంటుంది. మొదటి రోజు అది ఆటలా ఉంటుంది. మూడో రోజుకి పిల్ల మాటల్ని మార్చి చెప్పడం మొదలుపెడుతుంది. "అమ్మ రమ్మంటోంది నాన్నా, నీకిష్టమని వంకాయ కూర చేసింది" అని తల్లి అనని మాట తానే కలుపుతుంది. పెద్దవాళ్లిద్దరూ వదిలేసిన పని ఆ పసిది నెత్తిన వేసుకుంటుంది. ఆ తర్వాత చదువులో వెనకబడితే శ్రద్ధ లేదని ప్రోగ్రెస్ కార్డులో రాస్తారు.

రెండో దారి భయం. సాయంత్రం సందు మొదట్లో బండి చప్పుడు వినపడగానే టీవీ ఆగిపోతుంది, పుస్తకాలు తెరుచుకుంటాయి, వంటింట్లో గిన్నెల చప్పుడు తగ్గిపోతుంది. ఇంటాయన ఆ రోజు చెయ్యి ఎత్తకపోవచ్చు. ఉప్పు ఎక్కువైందని కంచం తోసెయ్యడం, తలుపు ధడాలున వెయ్యడం, గుడ్లురిమి చూడటం, "రేపే పుట్టింటికి పంపేస్తా" అనడం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. బలం ఉన్నవాడు అరుస్తాడు, లేనివాళ్లు నోరు మూసుకుంటారు అన్న పాఠం ఆ ఇంటి పిల్లలకు ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది.

ఇదంతా ఎక్కడో ఒకటి రెండు ఇళ్ల సంగతి అనుకోవడానికి లెక్కలు ఒప్పుకోవు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019-21లో జరిపిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వివాహితల్లో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చవిచూసినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3. అంతకు ముందరి సర్వేతో పోలిస్తే రెండు రాష్ట్రాల్లోనూ ఈ అంకె తగ్గింది, అది సంతోషించాల్సిన విషయమే. అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లడం, పిల్లల్ని సరిగ్గా చూడకపోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదో ఒకదానికి భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. సబబే అన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలోకెల్లా పెద్ద అంకెలు ఇవే. దెబ్బ తినడం కంటే లోతైన గాయం ఇది. భయపెట్టడం సంసారంలో ఒక భాగమని ఒప్పేసుకున్న మనసు ఈ అంకెల్లో కనిపిస్తోంది. ఆ జవాబు ఇచ్చినవాళ్లలో మన బడుల్లో చదువుకున్నవాళ్లూ ఉన్నారు.

మంత్రివర్యులారా, ఇది మహిళా శిశు సంక్షేమ శాఖకో పోలీసు శాఖకో సంబంధించిన వ్యవహారమని మీకు అనిపించవచ్చు. ఆ శాఖలు రంగంలోకి దిగేది ఇల్లు బీటలు వారాక. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం తొమ్మిదో సెక్షన్ భార్యాభర్తల మధ్య రాజీకి ముందుగా ప్రయత్నించాలని కోర్టుకే చెబుతోంది. అందుకు కౌన్సెలర్లను పెట్టుకునే వీలు కూడా అదే చట్టంలో ఉంది. అంటే ఇద్దరు మనుషులు ఎలా మాట్లాడుకోవాలో చెప్పే మనిషి అవసరమని ప్రభుత్వం ఒప్పుకుని నాలుగు దశాబ్దాలు దాటింది. అయితే ఆ మనిషిని లాయర్లు, వాయిదాలు, అభియోగాల తర్వాత చిట్టచివర కూర్చోబెట్టాం. పదమూడేళ్ల వయసులో నేర్పితే సరిపోయేదాన్ని ముప్పై మూడేళ్ల వయసులో కోర్టు వరండాలో నేర్పబోతున్నాం.

ఈ విషయంలో శాస్త్రం చాలా దూరం నడిచింది. అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దంపతుల్ని ప్రయోగశాలకు పిలిపించి, ఒంటికి తీగలు తగిలించి, వాళ్ల మధ్య తెగని గొడవ ఏదైనా ఒకటి పావుగంట మాట్లాడుకోమనేవారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, చెమట ఎంత పడుతోందో యంత్రాలు నమోదు చేసేవి. ఏళ్ల తరబడి అవే జంటల్ని గమనించాక, కాపురాన్ని కూల్చే అలవాట్లుగా గాట్‌మన్ నాలుగింటిని గుర్తించారు: మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతిదానికీ తనను సమర్థించుకోవడం, గోడలా బిగుసుకుపోవడం. ఆయన చూసిన జంటల్లో అలా బిగుసుకుపోయినవాళ్లలో 85 శాతం మగవాళ్లు.

పైకి రాయిలా కనిపించే ఆ మనిషి లోపల మాత్రం చల్లగా లేడు. అతని గుండె నిమిషానికి వంద సార్లు దాటి కొట్టుకుంటోంది. ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట చెవిన పడదు, సరసం తోచదు, పరిష్కారం తట్టదు. తప్పించుకోవడమో తిరగబడటమో తప్ప ఇంకేమీ తోచని స్థితి అది. ఆ పరిశోధకులే ఒకసారి గొడవ మధ్యలో దంపతుల్ని ఆపి, పరికరం చెడిపోయిందని చెప్పి, ఓ అరగంట ఏవైనా పత్రికలు చదువుకోమన్నారు. గొడవ ఊసెత్తవద్దన్నారు. అరగంట తర్వాత మళ్లీ మొదలుపెడితే గుండె వేగం తగ్గింది, మాట తీరు మారింది. అదే ఇద్దరు, అదే సమస్య. శరీరం నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలని గాట్‌మన్ అంటారు.

ఇందులో బడిపిల్లలకు సైతం అర్థమయ్యే పాఠం ఉంది. కోపం నెత్తికెక్కినప్పుడు ఆగడం తప్పు కాదు. ఎప్పుడు తిరిగి వస్తానో చెప్పకుండా వెళ్లిపోవడమే తప్పు. "ఇప్పుడు మాట్లాడితే ఏదో ఒకటి అనేస్తాను. అన్నం తిన్నాక కూర్చుందాం" అనే ఒక్క మాట తెలిసిన ఇంటికీ తెలియని ఇంటికీ చాలా తేడా ఉంటుంది.

అవతలి మనిషి ముఖం మూసుకుపోతే మనసు ఏమవుతుందో బాగా చూపించినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్. 1970లలో ఆయన చేసిన ప్రయోగం చాలా చిన్నది. తల్లి తన పసిబిడ్డతో కాసేపు మామూలుగా ఆడుతుంది. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు ఊరికే చూస్తుంది. బిడ్డ నవ్వుతుంది. పలకకపోతే వేలు చూపిస్తుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది. ఏదీ పని చేయకపోతే ముఖం తిప్పేసుకుని ఏడుపు లంకించుకుంటుంది. తల్లి ముఖంలోకి మళ్లీ ప్రాణం రాగానే తేరుకుంటుంది. బిడ్డకు అక్కడ దెబ్బ తగల్లేదు, తిట్టు పడలేదు. ముఖం పలకకపోవడమే ఆ బాధకు సరిపోయింది. పెద్దయ్యాక మనుషులు ఇంతకన్నా పెద్దగా ఏమీ మారరు. ట్రానిక్ పరిశోధనల్లో ధైర్యాన్నిచ్చే మాట ఇంకొకటి ఉంది. ప్రేమ పుష్కలంగా ఉన్న తల్లీబిడ్డలకు కూడా చాలాసేపు జత కుదరదు. తప్పిన జతను మళ్లీ మళ్లీ కుదుర్చుకోవడంలోనే ఆ బంధం బలమంతా ఉంది. కుదుర్చుకోవడం అంటే నేర్చుకోగలిగిన పని అని అర్థం.

తెలుగువాళ్లకు అలక కొత్త కాదు. సత్యభామ అలక చుట్టూ నంది తిమ్మన ప్రబంధం అల్లాడు. కూచిపూడివారు భామాకలాపం ఆడారు. పెళ్లిళ్లలో అలకపాన్పు ముచ్చట నేటికీ ఉంది. అల్లుడు అలిగి కూర్చుంటే అత్తింటివారు కానుక ఇచ్చి లేపుతారు. ఈ అలకలన్నింటిలో ఒక భరోసా ఉంటుంది: ఎవరో వచ్చి ఎందుకని అడుగుతారు, అడిగితే జవాబు వస్తుంది. అడిగేవాళ్లు లేని అలక, అడిగినా పలకని అలక, వారాలకు వారాలు సాగే అలక వేరే జాతికి చెందినవి. ఇక ఆ ముచ్చటలో అలిగే హక్కు పెళ్లికొడుకుకే ఉందన్న సంగతి కూడా మరిచిపోకూడదు. పెళ్లికూతురు అలిగితే బుజ్జగించడానికి పాన్పు వెయ్యరు, సర్దుకోమంటారు.

పలకరించి, జవాబిచ్చే కాపురం ఎలా ఉంటుందో చూడాలంటే శ్రీరమణ 'మిథునం' కథ చాలు. 2012లో తనికెళ్ల భరణి దాన్ని సినిమాగా తీశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి పొద్దస్తమానం కీచులాడుకుంటారు. వాళ్లలో ఒకరు విసిరిన మాటకు రెండోవారు జవాబివ్వకుండా ఉండరు. పలకరింపుకు జవాబివ్వడాన్ని గాట్‌మన్ లెక్కగట్టారు. కొత్తగా పెళ్లయిన జంటల్ని చూసి, ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆరా తీస్తే, కలిసి ఉన్నవాళ్లు మొదట్లో ఒకరి పలకరింపుకు ఒకరు నూటికి 86 సార్లు స్పందించినవాళ్లని తేలింది. విడిపోయినవాళ్ల లెక్క నూటికి 33. "వర్షం వచ్చేలా ఉంది చూడు" అంటే ఫోన్‌లోంచి తలెత్తి కిటికీ వైపు చూడటం కూడా ఈ లెక్కలోకి వస్తుంది.

అయితే మౌనాన్నంతా మనస్తత్వం ఖాతాలో వేసి ఊరుకోలేం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ క్రిస్టెన్‌సన్ బృందం ఒకరు నిలదీయడం, ఇంకొకరు తప్పించుకోవడం అనే తీరును దశాబ్దాల పాటు చదివింది. ఆ తీరు అమెరికాతోపాటు బ్రెజిల్, ఇటలీ, తైవాన్‌లలో కూడా కనిపించింది. మార్పు కావాలనుకునే మనిషి అడుగుతుంది, ఉన్నది బాగానే ఉన్న మనిషి తప్పుకుంటాడు. మన దేశంలో మార్పు ఎవరికి కావాలో తెలియాలంటే 2019 నాటి సమయ వినియోగ సర్వే చూడాలి. ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు 97 నిమిషాలు. అయిదు గంటలు పనిచేసే మనిషి పని పంచుకోమని అడిగితే అది సాధింపుగా వినపడుతుంది. గంటన్నర పనిచేసే మనిషి జవాబివ్వకపోతే అది పెద్దరికంగా చెల్లిపోతుంది. కాబట్టి పిల్లలకు మాట తీరు ఒక్కటే నేర్పితే చాలదు. మాటకు జవాబుగా చేతులు కదలాలని కూడా నేర్పాలి.

ఇంకో గీత ఇక్కడే స్పష్టంగా గీయాలి. ముడుచుకుపోయే మనిషీ భయపెట్టే మనిషీ ఒకటి కాదు. మొదటివాడికి నేర్పాలి. రెండోవాడి నుంచి ముందు కాపాడాలి. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం దెబ్బలతో ఆగలేదు. అవమానించడం, హేళన చేయడం, పిల్లలు పుట్టలేదనో మగబిడ్డ లేడనో ఎత్తిపొడవడం, ఆమెకు కావలసినవాళ్లను కొడతానని పదే పదే బెదిరించడం కూడా మాటల, మానసిక హింస కిందికే వస్తాయని మూడో సెక్షన్ చెబుతోంది. ఇది చదివిన పెద్దవాళ్లే తక్కువ. పద్నాలుగేళ్ల అమ్మాయికి ఎవరు చెబుతారు? భయం ఉన్న ఇంట్లో "కాస్త మెత్తగా మాట్లాడి చూడమ్మా" అనే సలహా ఆమెను ఇంకా ప్రమాదంలోకి నెడుతుంది. ఎదుటి మనిషితో విభేదించాక ఒంటికి, చదువుకు, డబ్బుకు, మనవాళ్లకు ఏమవుతుందోనని వణుకు పుడుతోందా అన్న ఒక్క ప్రశ్న పిల్లలకు నేర్పితే చాలు, గొడవకూ బెదిరింపుకూ తేడా వాళ్లే పట్టేస్తారు. పట్టుకున్నాక ఎక్కడికి వెళ్లాలో కూడా పాఠంలోనే ఉండాలి. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112, మనసు కుంగితే టెలీ మానస్ 14416, జిల్లాలో సఖి కేంద్రం. ఈ నంబర్లు నోటీసు బోర్డు మూల అంటించి వదిలేస్తే సరిపోదు, ఎక్కాల్లా నోటికి రావాలి.

ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత. ఆ సామెతను అడ్డుపెట్టుకుని ఎందరి నోళ్లు మూయించారో లెక్కలేదు. దాన్ని పక్కన పెట్టే ధైర్యం పిల్లలకు బడి ఇవ్వాలి.

అలా ఇవ్వాలంటే ముందు బడి తన తీరు చూసుకోవాలి. గోడకుర్చీ, గుంజీలు, బెత్తం, అందరి ముందూ "మొద్దువెధవా" అనడం తరతరాలుగా చదువులో భాగమైపోయాయి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించి ఇన్నేళ్లయినా కొన్ని తరగతి గదుల్లో భయమే క్రమశిక్షణగా చలామణి అవుతోంది. ఉమ్మడి రాష్ట్రం 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. సీనియర్ జూనియర్‌ను బెదిరిస్తే ఏ శిక్ష పడుతుందో ఆ చట్టం చెప్పింది. బెదిరించకుండా ఎలా స్నేహం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. గురుకులాల్లో అయిదో తరగతి నుంచే పిల్లలు అమ్మానాన్నలకు దూరంగా ఉంటారు. డార్మిటరీలో పక్క మంచం పిల్లవాడితో గొడవపడితే ఇంటికి పోయి అమ్మ ఒడిలో ఏడ్చే వీలు లేదు. కటీఫ్ చెప్పేసినా పచ్చి కొట్టినా రాత్రి అదే గదిలో పడుకోవాలి. ఈ చదువు వాళ్లకు అందరికంటే ముందు కావాలి.

నేర్పితే వస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. వస్తుందనడానికి మూడు చోట్ల గట్టి రుజువులున్నాయి.

కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ వోల్ఫ్ బృందం 'ఫోర్త్ ఆర్' అనే 21 పాఠాల కార్యక్రమాన్ని 20 బడుల్లో 1,722 మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద పరీక్షించింది. కొన్ని బడుల్లో ఈ పాఠాలు చెప్పారు, మిగతావాటిలో మామూలు ఆరోగ్య విద్యే నడిచింది. రెండున్నరేళ్ల తర్వాత చూస్తే, తమతో స్నేహంలో ఉన్నవాళ్ల మీద చెయ్యి చేసుకున్నవారు పాఠాలు లేని బడుల్లో 9.8 శాతం, పాఠాలు విన్న బడుల్లో 7.4 శాతం. మగపిల్లల్లో ఆ తేడా ఇంకా పెద్దది: 7.1 శాతానికి 2.7 శాతం.

మన దేశంలో హర్యానా సంగతి చెప్పుకోవాలి. బ్రేక్‌త్రూ అనే సంస్థ అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పదో తరగతి వరకు పిల్లలతో రెండున్నరేళ్ల పాటు ఆడ, మగ తేడాల గురించి చర్చలు నడిపింది. మొత్తం 314 బడుల్ని పోల్చి చూసిన ఆర్థికవేత్తలు 2022లో ఫలితాలు ప్రచురించారు. పాత తరహా అభిప్రాయాల్లో దాదాపు 16 శాతం మేరకు మార్పు వచ్చింది. తరగతులు ఆగిపోయి రెండేళ్లయినా ఆ మార్పు నిలిచింది. మగపిల్లలు ఇంటిపనిలో చెయ్యి వేయడం పెరిగింది.

మూడోది బీహార్‌లోని నలందా జిల్లా. మీ శాఖకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. 74 ఉన్నత పాఠశాలల్ని మూడు భాగాలు చేసి, కొన్నిటిలో కాస్త శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్‌తో, కొన్నిటిలో ఆ బడి టీచరుతోనే ఒకే కార్యక్రమం నడిపించారు. మూడో భాగంలో ఆ కార్యక్రమం లేదు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో దిగులు తగ్గింది, ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి. టీచర్లకు అప్పగించిన చోట అలాంటి ఫలితమేమీ రాలేదు. ఆ కౌన్సెలర్లు పెద్ద డిగ్రీలున్న మనస్తత్వ నిపుణులు కారు. మార్కులు వేసే అధికారం గానీ చేతిలో బెత్తం గానీ లేని మనిషి ముందు పిల్లలు నోరు విప్పడంలో ఆశ్చర్యం లేదు.

కాగితం మీద మనకూ కార్యక్రమం ఉంది. కేంద్రం 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. అందులోని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం, మనుషుల మధ్య సంబంధాలు, ఆడ మగ సమానత్వం ఉన్నాయి. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను ఇందుకు ఎంపిక చేయాలన్నారు. ఆ ఇద్దరు టీచర్లు అప్పటికే హాజరు యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తూ, ఎన్నికల విధులకు పరుగెడుతూ, పదో తరగతి ఫలితాలకు జవాబు చెబుతూ ఉంటారు. నలందా చెప్పిన పాఠం ఇక్కడే గుర్తు చేసుకోవాలి.

అందుకే ఈ లేఖ ఐదు పనులు కోరుతోంది.

మొదటిది, ఆరో తరగతి నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం వరకు వారానికి ఒక పీరియడ్. టైమ్ టేబుల్‌లో పేరు ఉండాలి, పరీక్ష ఉండకూడదు. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి ఇచ్చేయకుండా మీ ఉత్తర్వులోనే రాయాలి.

రెండోది, ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌కూ ప్రతి గురుకులానికీ ప్రతి కస్తూర్బా విద్యాలయానికీ శిక్షణ పొందిన ఒక కౌన్సెలర్. ఆ మండలంలోనే పుట్టి పెరిగిన పట్టభద్రులను తీసుకోవచ్చు. ఆ ఊరి యాస తెలిసిన మనిషి దగ్గర పిల్లలు త్వరగా మనసు విప్పుతారు.

మూడోది, పుస్తకం. ఇంగ్లిష్ నుంచి దింపిన చప్పిడి తెలుగులో కాకుండా శ్రీకాకుళం పిల్లవాడు, కర్నూలు పిల్ల, ఖమ్మం పిల్ల నిజంగా ఎలా పోట్లాడుకుంటారో అలా రాయాలి. ఆదిలాబాద్ కోసం గోండిలో, హైదరాబాద్ పాతబస్తీ కోసం ఉర్దూలో కూడా రావాలి. అందులో ఒక పాఠం ఇలా ఉండవచ్చు. ఎనిమిదో తరగతి. ఒకడు చెప్పకుండా ఇంకొకడి సైన్స్ రికార్డు పట్టుకుపోయాడు, రికార్డు పోయినవాడికి మాస్టారి దగ్గర చీవాట్లు పడ్డాయి. మొదట "నువ్వెప్పుడూ ఇంతే, దొంగవి" అని ఆడించి చూపిస్తారు. రెండోవాడు తిరగబడతాడు, లేదా బిగుసుకుపోతాడు. తర్వాత అదే సన్నివేశం మళ్లీ. "నువ్వు చెప్పకుండా తీసుకెళ్లావు. నాకు అందరి ముందూ తిట్లు పడ్డాయి, చాలా సిగ్గేసింది. ఇకమీదట అడిగి తీసుకో." ఈసారి రెండోవాడు విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే తన సంగతి చెప్పుకోవాలి. చివర క్లాసంతా ఒక ప్రశ్న మాట్లాడుకుంటుంది: ఆ రికార్డు పట్టుకుపోయినవాడు పదో తరగతి సీనియర్ అయి, "ఎవరికైనా చెప్పావో నీ పని పడతా" అని ఉంటే అప్పుడేం చెయ్యాలి? మౌనానికీ మాటకూ బెదిరింపుకూ మధ్య తేడా నలభై అయిదు నిమిషాల్లో పిల్లల ఒంటికి తెలుస్తుంది.

నాలుగోది, తల్లిదండ్రులు. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిపింది. అంతమంది తల్లిదండ్రులు బడికి వచ్చే రోజు దొరకడమే గొప్ప అవకాశం. మార్కుల ముచ్చట అయ్యాక అరగంట దీనికి ఇవ్వండి. ఇద్దరి మధ్య గొడవలో పిల్లల చేత కబురు పంపవద్దు అన్న ఒక్క మాట చెప్పినా ఎన్నో ఇళ్లలో ఎనిమిదేళ్ల పిల్లల నెత్తిన బరువు దిగుతుంది. తెలంగాణ కూడా ఇదే పని చెయ్యవచ్చు.

అయిదోది, ఉపాధ్యాయ శిక్షణ, ప్రైవేటు కళాశాలలు. డైట్‌లలో, బీఈడీ కళాశాలల్లో ఈ పాఠం తప్పనిసరి కావాలి. భయంతో తరగతిని నడిపే మనిషి బంధాల గురించి పాఠం చెబితే పిల్లలు నమ్మరు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే ఇంటర్ కళాశాలలకు ఇంటర్ బోర్డు గుర్తింపు ఇచ్చేటప్పుడు కౌన్సెలర్‌ను, ఈ పీరియడ్‌ను షరతుగా పెట్టాలి.

సిలబస్ భారం ఇప్పటికే ఎక్కువైందన్న అభ్యంతరం వస్తుంది. ఇంట్లో జరిగిన గొడవ బుర్రలో తిరుగుతుండగా ఏ పిల్లవాడికీ బీజగణితం ఎక్కదు. వారానికి ఒక పీరియడ్ తీసుకుంటే మిగతా పీరియడ్లు కుదురుకుంటాయి. పిల్లలకు ఇంటి విషయాలు నేర్పితే పెద్దల మాట వినరన్న భయం ఇంకొందరికి ఉంటుంది. గౌరవంగా కాదనడం నేర్చుకున్న పిల్లలు ఇల్లు విడిచి పారిపోరు, ఇంట్లోనే నోరు విప్పుతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలే చెప్పారు. ఇది ఎక్కడి నుంచో దిగుమతి చేసుకునే విలువ కాదు.

ఈ పీరియడ్ ఒక్కటే గృహహింసను ఆపేస్తుందని ఎవరూ అనలేరు. మద్యం ఉంది, పేదరికం ఉంది, ఆడవాళ్ల చేతిలో డబ్బు, పేరు మీద ఆస్తి లేకపోవడం ఉంది. వాటి పని వాటిది. కానీ ముడుచుకుపోవడం తప్ప వేరే దారి తెలియని మగపిల్లవాడికి దారి చూపించడం, బెదిరింపును ప్రేమగా పొరబడుతున్న ఆడపిల్లకు కళ్లు తెరిపించడం బడికి చేతనైన పనులు. ఈ రెండూ చెయ్యడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనాలు అక్కర్లేదు.

ఒకేసారి రాష్ట్రమంతా మొదలుపెట్టలేమంటే జిల్లాకు ఒక మండలం ఎంచుకోండి. రెండేళ్లు నడపండి. ముందూ తర్వాతా పిల్లల్ని అడిగి ఫలితాలను, మంచివైనా కాకపోయినా, ప్రజల ముందు పెట్టండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచే రోజుకి టైమ్ టేబుల్‌లో ఆ ఒక్క పీరియడ్ ఉండేలా ఉత్తర్వులు ఇవ్వాలని రెండు ప్రభుత్వాలకూ విన్నపం.

ఇట్లు,
తెలుగు పిల్లల మేలు కోరే ఒక రచయిత